ఉంగరంతో గోడలు కొట్టి చూసే పెద్దాయన

పెద్దాయన పోయారని అమెరికాలో మా ఆష్‌బర్న్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పొద్దున్నే మెసేజ్ వచ్చింది. మధ్యాహ్నానికల్లా ఫోను తెరంతా దండాల బొమ్మలే. "మంచి మనిషి." "ఆయన చూడందే మేం ఇల్లు కొనలేదు." "ఆయన చెయ్యి పడితే ఇక తిరుగుండేది కాదు." చచ్చినవాడి కళ్ళు చారెడని మనవాళ్ళు ఊరికే అనలేదు. నేను దండం బొమ్మ పెట్టలేదు, ఓం శాంతి అనలేదు. సింకులో గిన్నెలు తోముతూ ఆ మనిషికి శాంతి ఎందుకు దొరకాలి అనుకున్నాను.

పోయినవాళ్ళ గురించి చెడు మాట్లాడకూడదంటారు. ఆయన బతికున్నప్పుడు మాట్లాడబోతే పెద్దవాళ్ళ గురించి అలా మాట్లాడకూడదన్నారు. మరి ఎప్పుడు మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు గనక ఇప్పుడు రాస్తున్నాను. పేరు మాత్రం రాయను. ఇక్కడ అందరికీ ఆయన పెద్దాయనే, అలాగే ఉండనిస్తాను.

పొట్టి మనిషి. తెల్ల కాన్వాసు బూట్లు, మోచేతుల దాకా మడిచిన చొక్కా, మెడలో తాడుకి వేలాడే చిన్న టార్చిలైటు. కుడిచేతికి పగడపు ఉంగరం. ఏ గోడ ముందు నిలబడ్డా ఆ ఉంగరంతో టక్ టక్ మని కొట్టి, తల పక్కకి వాల్చి, కళ్ళు మూసుకుని వినేవారు. ఆ కాసేపూ చుట్టూ ఉన్నవాళ్ళం ఊపిరి బిగబట్టేవాళ్ళం. కళ్ళు తెరిచి "ఊఁ" అంటే గోడ బాగున్నట్టు. ఏమీ అనకుండా టార్చి వెలిగించారంటే ఆ ఇల్లు అక్కడితో పోయినట్టే.

ఇంటికి వస్తే భోజనం చేసేవారు కాదు. మజ్జిగ తాగేవారు. అందులో ఉప్పు తనే వేసుకుని, చూపుడు వేలితో కలుపుకుని, తాగాక గ్లాసు తనే కడిగి బోర్లించేవారు. మా అత్తగారు ఆ ఒక్క పనికే ఆయనకి పడిపోయారు. "ఈ దేశంలో ఇట్లాంటి మనిషి ఉన్నడంటే మనం చేసుకున్న పుణ్యం" అనేవారు ఆవిడ. పుణ్యమే మరి.

మావాళ్ళు ఇల్లు కొన్నా, కారు కొన్నా ఆయన్ని వెంటబెట్టుకుని వెళ్ళడం ఆనవాయితీ. ఇక్కడ దేనికైనా ఇన్‌స్పెక్టర్ ఉంటాడు, వచ్చి చూసి పేజీల కొద్దీ రాసిస్తాడు. అవి చదివే ఓపిక మాకెక్కడిది? మనలో ఒక పెద్ద తలకాయ ఊగితే మాకు ధైర్యం. మేం ఇల్లు వెతుక్కునే రోజుల్లో ఒక ఇల్లు నాకు తెగ నచ్చేసింది. వంటిల్లు చూస్తూనే మనసులో పోపుల డబ్బా ఎక్కడ పెట్టాలో కూడా అనుకున్నాను. పెద్దాయన బేస్‌మెంట్‌లోకి దిగి, మోకాళ్ళ మీద కూర్చుని, వంగి, కార్పెట్‌కి ముక్కు ఆనించి వాసన చూశారు. ఇల్లు చూపించే అమెరికన్ ఆవిడ బిత్తరపోయింది. ఆయన లేచి మోకాళ్ళు దులుపుకుని, "చెమ్మ ముందు ముక్కుకి తెలుస్తుందమ్మా, తర్వాతే కంటికి. ఈ ఇల్లు వద్దు" అన్నారు. నేను రెండు రోజులు ఏడ్చాను. ఆ ఇల్లు కొన్నవాళ్ళ బేస్‌మెంట్ మొదటి పెద్ద వానకే మడుగైంది.

కాబట్టి ఆయనకి విద్య లేదని నేను అనను. ఈ కథలో నా కోపమంతా ఆ విద్య మీదే. "గోడ అబద్ధం చెప్పదమ్మా, చెప్పేది మనిషే" అని ఆయన ఎప్పుడూ అంటుండేవారు. ఆ మాట మేం కూడా నలుగురికీ చెప్పుకుని తిరిగేవాళ్ళం.

మా అమ్మాయికి ఆస్తమా. అప్పటికి ఎలిమెంటరీ స్కూల్లో ఉంది. ఆయాసం వచ్చిన రోజు తప్ప మిగతా రోజులన్నీ గెంతుతూనే ఉండేది. కూచిపూడి క్లాసు, సాకర్, ఇవి కాక కొండల్లో, అడవుల్లో రాత్రిళ్ళు గడిపే కాంపింగ్ అంటే పిచ్చి. మా దగ్గర ట్రక్కు వెనక తగిలించుకుని వెళ్ళే, మడత పెట్టే చిన్న ట్రైలర్ ఒకటి ఉండేది. కింద పెట్టెలా ఉండి, పైన గుడారం గుడ్డ లేస్తుంది. ఆ గుడ్డకి మంచు పట్టి తెల్లారేసరికి లోపలంతా చెమ్మ. పిల్ల దగ్గుతూ లేచేది. ఆస్తమా డాక్టర్ ఆవిడ గట్టిగా చెప్పింది, ఈ పిల్ల పొడిగా ఉన్న చోటే పడుకోవాలని. కాంపింగ్ మానేద్దామంటే పిల్ల ఒప్పుకోదు. "నానా, ప్లీజ్, నేను కాఫ్ చేయను" అని బతిమాలేది, దగ్గడం తన చేతిలో ఉన్నట్టు. మా ఆయన మనసు కరిగింది. గట్టి గోడలున్న పెద్ద ట్రైలర్, పిల్లకి విడిగా పడక ఉన్నది కొందామన్నారు. కొనాలంటే ఎవరిని పిలవాలో ఆలోచించాల్సిన పనే లేదు.

ఆ వేసవి శనివారాలన్నీ పెద్దాయనతో ట్రైలర్లు చూడ్డానికే సరిపోయాయి. ఒక్కటీ ఆయనకి నచ్చదు. చూస్తున్నప్పుడు మాకు పాఠాలు చెప్పేవారు. "అరచెయ్యి ఆనించి నొక్కండి. బయట గోడ ఉబ్బినట్టుంటే లోపల నీళ్ళున్నట్టు. తలుపు దగ్గర నేల బొటనవేలితో నొక్కి చూడండి. అల్మారా తలుపు తీసి తల లోపల పెట్టి వాసన చూడండి. కప్పు, గోడ కలిసే మూలలు వదలొద్దు, నీళ్ళు అక్కణ్ణించే వస్తాయి." మా ఆయన వరంగల్ మనిషి, ఏదైనా చెబితే శ్రద్ధగా నేర్చుకుంటారు. ప్రతి బండిలోనూ ఈ మూల నుంచి ఆ మూల దాకా అరచెయ్యి ఆనిస్తూ నడిచేవారు. వెనకాల ఉంగరం టక్ టక్. చివరికి పెద్దాయన పెదవి విరిచి, "ఇది పాపకి పనికిరాదు" అనేవారు. పాప మీద ఎంత ప్రేమ అనుకునేదాన్ని.

వేసవి చివర్లో ఆయనే అన్నారు, "మా బండి తీసుకోండి" అని. ఆయనకీ ఒక ట్రైలర్ ఉంది, మేం వెతుకుతున్న సైజుదే. ఆయన దాన్ని వదిలించుకుని ఇంకా పెద్దది, ఇంజను కూడా దాంట్లోనే ఉండే మోటర్‌హోమ్ కొనే ఆలోచనలో ఉన్నారు. "బయటివాడికి అమ్మేకన్నా మన పిల్ల అందులో పడుకుంటే నాకు తృప్తి" అన్నారు. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ కన్నీళ్ళు ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

మా కాలనీల్లో ఇంటి ముందు ట్రైలర్ పెట్టుకోనివ్వరు. ఊరి చివర అద్దె స్థలంలో వరసగా నిలబెడతారు. అక్కడికి వెళ్ళాం. ఆయన భార్య అప్పుడు ఇండియాలో ఉన్నారు, ఆయన ఒక్కరే మా కోసం తలుపు తెరిచి నిలబడ్డారు. లోపల అడుగు పెట్టగానే గుప్పున అగరొత్తుల వాసన. "మంచి పని కదా అని పొద్దున వెలిగించానమ్మా. పాపకి పడదని మీరు వచ్చేముందే ఆర్పేశాను, కిటికీలు కూడా తీశాను" అన్నారు. ఆ శ్రద్ధకి నేను మురిసిపోయాను. చెమ్మ ముందు ముక్కుకి తెలుస్తుందని నాకు నేర్పిన మనిషి, నా ముక్కుకి ఏం వాసన తగలకూడదో అది తగలకుండా చూసుకున్నాడు.

మా ఆయన అలవాటు ప్రకారం తలుపు దగ్గర మొదలుపెట్టి గోడలు నొక్కుకుంటూ వెళ్ళారు. స్టవ్ పక్క గోడ గట్టిగా ఉంది. సోఫా వెనక గట్టిగా ఉంది. చివర్లో పిల్లల పడక. ఆ పడక మూల గోడకి వెంకటేశ్వరస్వామి పటం, నిలువెత్తున్నట్టే అనిపించేంత పెద్దది, నాలుగు పక్కలా అంటించి ఉంది. దానికి ప్లాస్టిక్ చేమంతి దండ, కింద చిన్న బల్బు. గోడ నొక్కుతూ వచ్చిన చెయ్యి పటం దాకా వచ్చి ఆగింది. మా ఆయన వెనక్కి వచ్చి, బూట్లు విప్పి తలుపు దగ్గర పెట్టి, మళ్ళీ వెళ్ళి పటాన్ని వేళ్ళతో తాకి కళ్ళకద్దుకున్నారు. నేనూ అద్దుకున్నాను. పిల్లని ఎత్తి దానిచేత కూడా పెట్టించాను.

దేవుడి పటాన్ని ఎవరు పీకి చూస్తారు? ఏ అమెరికన్ ఇన్‌స్పెక్టరో అయితే ఆ పటం దేనికుందో తెలీక ముందు దాన్నే పీకేవాడు. మా ఆయన మనసులో ఆ మాట మెదిలింది కూడా. "సార్, ఊరికే, ఫార్మాలిటీకి ఇన్‌స్పెక్టర్‌ని ఒకసారి పిలుద్దామా?" అన్నారు. పెద్దాయన నవ్వి, "పిలిపించుకోండి బాబూ, నాదేముంది. మనవాళ్ళ దగ్గర కొనేటప్పుడు కూడా తడుముకోవాలంటే నేను కాదంటానా" అన్నారు. ఆ తర్వాత మేం ఎలా పిలుస్తాం? ఇద్దరం సిగ్గుతో చచ్చిపోయాం. ఆ రోజంతా ఆయన గుమ్మంలోనే నిలబడ్డారు. ఉంగరం ఒక్క గోడకీ తగల్లేదు.

బండి మాదైంది. చక్రాల కింద నిమ్మకాయలు ఆయనే పెట్టారు, కొబ్బరికాయ ఆయనే కొట్టారు. ఆ తర్వాత కొన్ని వారాలు వాన పడలేదు. మొదటి రెండు ట్రిప్పులూ ఎండలో హాయిగా జరిగిపోయాయి. పిల్ల దగ్గలేదు. మేం పెద్దాయనకి ఫోన్ చేసి మరీ థాంక్స్ చెప్పాం.

ఆకులు రంగు మారే రోజుల్లో షెనాండోవా కొండల దగ్గరికి వెళ్ళాం. వెళ్ళిన రోజు రాత్రే పట్టుకున్న వాన మర్నాడు పగలంతా వదల్లేదు. బయటికి వెళ్ళే వీలు లేక పిల్ల తన పడక మీదే బొమ్మలు వేసుకుంటూ కూర్చుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక దగ్గు మొదలైంది. ఇన్‌హేలర్ ఇచ్చాను, తగ్గలేదు. మళ్ళీ ఇచ్చాను. ఛాతీ ఎగసెగసి పడుతోంది, మెడ దగ్గర గుంట పడుతోంది. "అమ్మా, ఐ కాంట్... గాలి రావట్లే" అంది. ఫోన్‌కి సిగ్నల్ లేదు. మా ఆయన వానలో ట్రక్కు స్టార్ట్ చేయడానికి పరిగెత్తారు. ఆయన వచ్చేలోగా నేనేం చేశానో తెలుసా? "స్వామికి దండం పెట్టుకో తల్లీ, తగ్గిపోతుంది" అని పిల్ల మొహాన్ని ఆ పటానికి ఆనించాను. విషానికి నా బిడ్డ ముక్కుని నాచేతే ఆనించాడు ఆ మనిషి.

కొండ దిగి చిన్న ఊళ్ళో ఆసుపత్రికి చేరేసరికి దాని పెదాలు నీలంగా మారాయి. అక్కణ్ణించి అంబులెన్స్‌లో పెద్దాసుపత్రికి. గొట్టాలు, మాస్కులు. పిల్ల బతికింది. బతికింది గానీ డాన్సు మానేసింది. ఆయాసం వస్తుందేమోనన్న భయం దాని ఒంట్లో కూర్చుంది. ఇప్పుడు హైస్కూల్లో ఉంది. మెట్లెక్కేటప్పుడు కూడా మధ్యలో ఆగి తన ఊపిరి తను వింటుంది.

ఆసుపత్రిలో డాక్టర్ అడిగింది, పిల్ల ఉన్నచోట బూజు పట్టిన గోడలేమైనా ఉన్నాయా అని. లేవని ఇద్దరం ఒకేసారి చెప్పాం. ట్రైలర్ తీసుకురావడానికి మళ్ళీ కొండల్లోకి వెళ్ళినప్పుడు నేను నేరుగా ఆ మూలకి వెళ్ళాను. తప్పయితే క్షమించు స్వామీ అనుకుని పటం అంచు పట్టుకుని లాగాను. పటంతోపాటు గోడ పైపొర కూడా నానిన అప్పడంలా ఊడొచ్చింది. వెనకాల అంతా నలుపు. బొచ్చులాంటి నలుపు, పడక ఎత్తు నుంచి కప్పు దాకా. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని చిన్నప్పుడు వింటే నవ్వొచ్చేది.

తిన్నగా ఆయనింటికి వెళ్ళాం. గరాజ్‌లో ఏదో సర్దుకుంటున్నారు. ఆ గోడ ముక్క చేతిలో పెట్టాను. ఆయన దాన్ని తిప్పి చూశారు. తల పక్కకి వాల్చి నేను చెప్పిందంతా విన్నారు. అంతా విని, "పాపకి ఇప్పుడెలా ఉంది?" అన్నారు.

"పాప సంగతి తర్వాత. ఇది మీకు తెలుసా తెలీదా, అది చెప్పండి" అన్నాను.

"భక్తితో పెట్టుకున్న పటమమ్మా. దాని వెనక ఏముందో నాకేం తెలుసు? దేవుడి పటం పీకి చూస్తామా ఎక్కడైనా? మీరు చూశారా?"

డబ్బు వెనక్కి ఇవ్వమని మేం అడగలేదు, ఆయన ఇస్తాననలేదు. ఒకటే అడిగాను. "మా ఇంటికి వచ్చి, నా కూతురి ఎదురుగా కూర్చుని, నాకు తెలిసే ఇచ్చానమ్మా అని చెప్పండి. ఇంకేం వద్దు." ఆయన గోడ ముక్కని జాగ్రత్తగా బల్ల మీద పెట్టి, "తెలీనిదాన్ని తెలుసని ఎలా చెప్పనమ్మా" అన్నారు. ఎంత నెమ్మదిగా అన్నారంటే, మా ఆయన నా భుజం మీద చెయ్యి వేసి బయటికి తీసుకొచ్చేశారు.

నా అసలు యుద్ధం అక్కడ మొదలైంది, మా ఇంట్లోనే. "ఆయనకు తెల్వదేమో. అంత పెద్దమనిషి అబద్ధం ఎందుకాడ్తడు?" అన్నారు మా ఆయన కారులో. ఆ రోజు అన్నారు, మర్నాడు అన్నారు, ఇన్నేళ్ళూ అంటూనే ఉన్నారు. నేను ఎప్పుడు ఆ మాటెత్తినా ఆ ఒక్క మాటతో నా నోటికి తాళం. మా అత్తగారు కూడా కొడుకు వైపే. పగబట్టిన ఆడదానిలా నేను, పాపం నిందపడ్డ అమాయకుడిలా పెద్దాయన. బయట ఆయన ఇంకో కథ చెప్పారని తర్వాత తెలిసింది. చలికాలం ట్యాంకులో నీళ్ళు తీసెయ్యకుండా మేమే బండిని వదిలేశామట, పైపులు గడ్డకట్టి పగిలితే నింద ఆయన మీద వేస్తున్నామట. పిల్ల ఊసే లేదు అందులో. నా కూతురి ఊపిరి పోయి పైపులు మిగిలాయి.

నాకు ఏడుపు ఆగిపోయింది ఆ రోజుతో. ఏం చేయాలో తెలిసింది. ఆయనకున్న విద్య నేర్చుకున్నాను. వీడియోలు చూశాను, ట్రైలర్లు బాగుచేసే షాపులో శనివారాలు కూర్చుని అడిగి తెలుసుకున్నాను, గోడలో చెమ్మ ఎంతుందో చూపించే మీటర్ ఒకటి కొన్నాను. ఎవరు ఏం కొంటున్నారని తెలిసినా, పిలవకపోయినా వెళ్ళేదాన్ని. ఇళ్ళు, ట్రైలర్లు, పాత వ్యాన్లు. మొదట్లో నవ్వారు. రెండు మూడు చోట్ల నా మీటర్ పట్టుకున్న తప్పులు ఆయన ఉంగరం పట్టుకోలేదు. తర్వాత ఎవరూ నవ్వలేదు.

ఒకసారి ఇద్దరం ఒకే బండి దగ్గర ఎదురుపడ్డాం. కొత్తగా పెళ్ళైన జంట, చిన్న ట్రైలర్ ఇచ్చేసి పెద్దది కొనుక్కుంటున్నారు. అమ్మేవాళ్ళూ మనవాళ్ళే. అమ్మాయి నన్ను పిలిచింది, అబ్బాయి ఆయన్ని పిలిచాడు. లోపల గోడకి లక్ష్మీదేవి పటం. ఆయన ఉంగరం టక్ టక్ మంటూ పటం దాకా వచ్చి, అలవాటుగా పక్కకి తప్పుకుంది.

"ముందు అమ్మవారిని కిందికి దించండి. దండం పెట్టుకునే చూస్తాను" అన్నాను అమ్మేవాళ్ళతో.

పెద్దాయన నా వైపు చూడకుండా, "దేవుణ్ణి కూడా అనుమానించే రోజులొచ్చాయి" అన్నారు.

"నా అనుమానం దేవుడి మీద కాదండీ" అన్నాను.

ఆయన దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి, కాసేపటికి మెల్లగా మెట్లు దిగి వెళ్ళిపోయారు. పటం వెనక గోడ శుభ్రంగా ఉంది. అయినా నాకు సంతోషం వేసింది, పట్టరానంత సంతోషం. ఆ సాయంత్రం ఇంటికొచ్చి పాయసం చేశాను. దేనికని మా ఆయన అడిగితే ఊరికేనన్నాను. ఆ తర్వాత మా ఊళ్ళో ఒక కొత్త పద్ధతి వచ్చింది. మనవాళ్ళు ఎవరి దగ్గర ఏం కొన్నా ముందు దేవుడి పటాలు దించి, గోడ నొక్కి, మళ్ళీ దండం పెట్టి తగిలిస్తారు. పెద్దాయనకి ఫోన్లు తగ్గాయి. గుడిలో కనిపిస్తే ఒక్కరే ఓ మూల కూర్చుని, ఉంగరం వేలితో తిప్పుకుంటూ ఉండేవారు. పాపం అని నాకు ఒక్కసారి కూడా అనిపించలేదు. మా పిల్లకి ఆ ఒక్క మాట చెప్పి ఉంటే నేనే మజ్జిగ కలిపి ఇచ్చేదాన్ని. చెప్పకుండానే పోయారు.

ఆయన పోయి నెల తిరక్కుండానే ఆయన భార్య ఫోన్ చేశారు. ఆవిడ నాకేం అన్యాయం చేయలేదు. మనుషుల్లో కలిసేది తక్కువ, బయటి విషయాలు ఆయన చెప్పింది చెప్పినట్టు నమ్మే మనిషి.

"అమ్మా, ఆయన మోటర్‌హోమ్ అమ్మేద్దామనుకుంటున్నా. నాకెందుకది, నడపలేను. కొంటామని వచ్చినవాళ్ళు నువ్వు చూసి బాగుందంటేనే తీసుకుంటామంటున్నారు. ఆ పైపుల గొడవ మనసులో పెట్టుకోకుండా ఒక్కసారి వచ్చి చూసి పెడతావా?"

వస్తానన్నాను. జాలిపడి వెళ్ళానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయన బండిలో మెత్తటి చోటు ఒక్కటి దొరికితే చాలనుకుని వెళ్ళాను. కొనేవాళ్ళకి చెబుతాను, వాళ్ళు ఊరంతా చెబుతారు. పోయాక కూడా ఆ మనిషి పేరు మీద ఒక మచ్చ పెట్టాలని నా కోరిక. ఉన్నమాట రాస్తున్నాను.

బండి అదే అద్దె స్థలంలో ఉంది. ఆవిడ తెల్ల నూలు చీర మీద స్వెటర్ వేసుకుని, తాళాలు చేత్తో పట్టుకుని నిలబడ్డారు. అప్పటికి రెండు రోజులుగా వాన పడి వెలిసింది. చెమ్మ ఉంటే దొరకడానికి అంతకంటే మంచి రోజు ఉండదు. నేను నిచ్చెన వేసుకుని కప్పెక్కాను. అతుకుల మీద పూసిన జిగురు ఎక్కడా పగల్లేదు. కిందికి దిగి ప్రతి మూలా మీటర్ ఆనించాను. పడకల కింద దూరాను. అల్మారాల్లో తల పెట్టాను. బాత్రూము నేల కాలితో తొక్కి తొక్కి చూశాను. అంతా ఎండు కట్టెలా పొడిగా ఉంది. నేను చూసిన బండ్లలో అంత ఆరోగ్యంగా ఉన్నది ఇంకొకటి లేదు.

ఆవిడ గుమ్మం దగ్గర నిలబడి ఆత్రంగా చూస్తున్నారు. "బాగుందా అమ్మా?"

"చాలా బాగుందండీ" అన్నాను. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

ఆవిడ మొహం వికసించింది. "ఉండదూ మరి. వాన పడితే చాలు, మనిషి ఇంట్లో నిలిచేవారు కాదు. ఇక్కడికి వచ్చి మూల మూలా తడిమి చూసుకునేవారు. పాత బండితో పడ్డ బాధ మళ్ళీ పడకూడదని."

"పాత బండితో ఏం బాధ ఆంటీ?"

"నీకు తెలీందేముంది. ఆ పిల్లల పడక మూల కారేది కదా. వానొస్తే టవల్ పరిచేవాళ్ళం, పిండితే గిన్నెడు నీళ్ళు. గోడంతా నల్లగా అయిపోయింది. అక్కడ స్వామి పటం అంటిద్దామని ఆయనంటే, వద్దండీ, స్వామి తడిసిపోతాడని నేనే ఆపాను. తర్వాత నేను ఇండియా వెళ్ళాను, వచ్చేసరికి మీకిచ్చేశారు. బాగు చేయించే ఇచ్చానన్నారులే."

నేను మీటర్ పక్కన పెట్టాను. పడక అంచు మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళు నేను ఏ మాట కోసం పళ్ళు కొరుక్కుంటూ బతికానో ఆ మాట, ఎవరూ అడక్కుండానే, ఇంత తేలిగ్గా. ఫోన్ తీసి మా ఆయన ఆఫీసుకి కలిపి స్పీకర్ పెట్టాను.

"ఏమైంది? మీటింగ్‌ల ఉన్న" అన్నారు ఆయన.

"ఒక్క నిమిషం. ఆంటీ, ఇప్పుడు నాకు చెప్పారు కదా, పాత బండి గురించి. అది మా ఆయనకి కూడా ఒకసారి చెప్పండి."

ఆవిడ నవ్వుతూనే ఫోన్ వైపు వంగారు. "ఏం లేదు బాబూ, ఆ మూల కారేదని చెబుతున్నా. టవల్ పెట్టేవాళ్ళం. గోడ నల్లగా అయితే ఆయన పటం పెడదామన్నారు, నేను..." అంటూ నా మొహం చూశారు. నన్ను, నా చేతిలో ఫోన్‌ని, మళ్ళీ నన్ను చూశారు.

"పటం పెట్టారా అమ్మా అక్కడ?" అన్నారు చాలా మెల్లగా.

నేను తల ఊపాను.

"మీ పాప... పైపులని కదా ఆయన నాతో..."

"పైపులేం పగల్లేదు ఆంటీ."

ఫోన్‌లోంచి మా ఆయన "హలో, హలో" అంటున్నారు. ఆవిడ గుమ్మం పట్టుకుని మెట్టు మీద కూర్చుండిపోయారు. ఆ వయసు మనిషిని అంతటితో వదిలేయొచ్చు. ఫోన్ పెట్టేసి భుజం మీద చెయ్యి వేయొచ్చు. నేను దగ్గరికి వెళ్ళి ఫోన్ ఆవిడ నోటి దగ్గర పెట్టాను.

"చెప్పండి ఆంటీ. మా ఆయన వింటున్నారు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు.

"ఆయనకి తెలుసు బాబూ" అన్నారు.